కోసే పిల్ల, చెప్పే పిల్ల

విశ్వనాథ్ సారు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ గుండె పాఠం చెబుతూనే ఉన్నాడు గానీ, గుండెకాయను ఒక్కసారైనా వేలితో తాకిన పాపాన పోలేదు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక బెత్తం. గోడకు వేలాడే పటం మీద ఆ బెత్తం కొనతోనే నెత్తురును నడిపించేవాడు. ఇదిగో కర్ణిక, ఇదిగో జఠరిక, ఇదిగో కవాటం. ట్రేలోకి అసలు గుండెకాయ వచ్చిన రోజు మాత్రం ఆ బెత్తం నందిని వైపు తిరిగేది.

"నందినీ, కొయ్యి."

ఆ శుక్రవారమూ అంతే. జమ్మలమడుగులోని ఆ జూనియర్ కాలేజీ జువాలజీ ల్యాబులో, ఇంటర్ రెండో సంవత్సరం ఆడపిల్లలంతా చున్నీలు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీ వైపు సర్దుకున్నారు. బల్ల ముందు నందిని ఒక్కతే నిలబడింది. ట్రేలో పొట్టేలు గుండెకాయ. పొద్దునే బజారులో మటన్ అంగడి నుంచి తెప్పించారు. అటెండరు దాన్ని కవరుతో సహా అందులో పడేసి పోయాడు. కవరు విప్పడం, కడగడం, కోయడం, తర్వాత బల్ల తుడవడం, ట్రే తోమడం అన్నీ నందిని పనే. ఎవరూ అట్లా రాసి పెట్టలేదు. రాయకపోయినా నిరుడు మొదటి ప్రాక్టికల్ నుంచీ అట్లాగే జరిగిపోతోంది.

బల్లకు అవతల సింధూ నిలబడింది. దేవాదాయ శాఖ ఆఫీసులో గుమాస్తా కూతురు. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు పైకప్పుకు అతికించి గడగడా అప్పజెబుతోంది. "ఆమ్లజని రహిత రక్తము పూర్వ, పర మహాసిరల ద్వారా కుడి కర్ణికను చేరును..."

"భేష్," అన్నాడు సారు. "ఆదివారం పొద్దుటూరులో ఇట్లనే చెప్పాల. తడబడగూడదు."

ఆదివారం సంగతి అందరికీ తెలుసు. పొద్దుటూరు బంగారు అంగళ్ల వాళ్లు కొందరు కలిసి ఒక ట్రస్టు పెట్టారు. ఏటా ఈ చుట్టుపట్ల కాలేజీల పిల్లల్లో ఒకరిని ఏరుకుని, నీట్ కోచింగు సీటు, హాస్టలు, తిండి అంతా తామే చూసుకుంటారు. కాలేజీకి ఒక పాఠం. పిల్లలే చెప్పాలి, పిల్లలే చూపించాలి. బాగా చెప్పినవాళ్లకు సీటు. నందినికి ఆ సీటు తప్ప డాక్టరయ్యే దారి ఇంకొకటి లేదు. ఆ మాట నాన్నకు తెలుసు, అమ్మకు తెలుసు, హాస్టల్లో పక్క మంచం పిల్లకు కూడా తెలుసు. అందుకే చేతిలో కత్తెర అట్లాగే పట్టుకుని అడిగేసింది.

"సార్, నేను చెప్తా. పోయిన పరీక్షలో జువాలజీలో నాకే గదా ఎక్కువొచ్చింది."

సారు ఆమె వైపు కాదు, క్లాసు వైపు చూశాడు. "మార్కులు వేరు, మాట వేరు. నీ నోట్లో జఠరిక అనే మాట ఎట్ల పలుకుతాదో ఒక్కసారి నువ్వే విను తల్లీ."

కిటికీ దగ్గర కిసుక్కుమన్నారు.

"అయితే ఆ పిల్లనే కొయ్యమనండి సార్. చెప్పేవాళ్లే కోస్తే బాగుంటాది గదా."

"సింధూ ముట్టదు. నేనూ ముట్టను. మాది ఆచారం. గొర్లోళ్ల పిల్లవి, నీకు అలవాటే. దీంట్లో తప్పేముంది?" సారు గొంతులో కోపం కూడా లేదు. ఎండాకాలం ఎండ కాస్తుందని చెప్పినట్టు చెప్పాడు. అదే నందిని ఒళ్లు మండించింది. "ఇంగో మాట. అంగట్లో ఇచ్చే గుండెకాయ పనికిరాదు. చూడు, పైన గొట్టాలన్నీ తెగ్గోసి, మధ్యలో గాట్లు పెట్టినారు. మహాసిరలో నీళ్లు పోస్తే పుపుస ధమనిలో బయటికి రావాల. అదే మనం చూపించేది. గొట్టాలు పొడుగ్గా ఉండే గుండెకాయ మీ మందలో నుంచి నువ్వే తీసుకురావాల."

కోసేది తనే, తెచ్చేది తనే, తోమేది తనే. చెప్పేది మాత్రం ఇంకొకరు. నందిని ట్రేను పంపు కింద పెట్టి తోమిందే తోమింది, ఎనామిల్ ఊడొస్తుందేమో అన్నంతగా.

శనివారం మధ్యాహ్నం పులివెందుల బస్సెక్కింది. అప్పట్లో వాళ్ల మంద ఊరి బయట, అరటి కొట్టేసిన ఒక రైతు చేలో ఉంది. ఎరువు కోసం రైతు మందను నిలిపించుకున్నాడు. చుట్టూ వల కట్టి, లోపల గొర్రెలను తోలి, పక్కనే టార్పాలిన్ పట్ట కట్టుకుని కాపురం. నందిని పోయేసరికి నాన్న సిద్దయ్య ఒక కుంటి గొర్రెను ఒళ్లో వెల్లకిలా వేసుకుని గిట్టలు గీస్తున్నాడు. చిన్న చాకుతో పెరిగిన అంచులు చెక్కి, సందులో ఇరుక్కున్న తుమ్మముల్లు పీకి, వేపనూనె పూశాడు. వదిలేస్తే ఆ గొర్రె నాలుగు అడుగులు కుంటి, తర్వాత మామూలుగా పోయి మందలో కలిసింది.

"ఏం పాపా, చెప్పాపెట్టకుండా వస్తివే?"

నందిని ఆదివారం సంగతి చెప్పింది. సీటు గురించి, ట్రస్టు గురించి, గుండెకాయ గురించి అంతా చెప్పింది.

"అంతమంది ముందర చెప్పేది ఎవరు? నువ్వేనా?" పొయ్యి దగ్గర నుంచి అమ్మ రామేశ్వరమ్మ అడిగింది.

అమ్మ చేతిలో ముద్ద కెలికే తెడ్డు ఆగిపోయింది. నాన్న చాకు తుడుచుకుంటూ ఆమె మొహంలోకి చూస్తున్నాడు. నేను కోసేదాన్ని, చెప్పేది ఇంకో పిల్ల అని చెప్పాలి, చెప్పబుద్ధి కాలేదు. సారు చేసిన పనికి తనెందుకు సిగ్గుపడాలో ఆమెకు తెలియదు. కానీ పడింది.

"నేనే," అంది. "నేనే చెప్పాల నాయనా."

సిద్దయ్య మొహం చూడాలి అప్పుడు! గట్టు మీద పోతున్న రైతును కేకేసి మరీ చెప్పాడు. "అప్పా! మా పాప రేపు పొద్దుటూర్లో డాక్టర్ల ముందర పాఠం చెప్తాదంట!" రైతు కూడా నిలబడి మెచ్చుకున్నాడు. ఎట్లాగూ మరుసటి రోజు వాళ్ల కొత్తింట్లో విందు ఉంది, తెల్లారి పొట్టేలును సిద్దయ్యే కోయాలి. "గుండెకాయ నీ బిడ్డకే తీసుకో" అన్నాడు. నందిని తల వంచుకుని కాలి బొటనవేలితో మట్టి గీసింది.

"గొట్టాలు మాత్రం తెగ్గొయ్యొద్దు నాయనా," అంది. "పైన పొడుగ్గా వదిలిపెట్టాల."

వాళ్లలో ఒక పద్ధతి ఉంది. జీవాన్ని కోస్తే, గుండెకాయ పైన ఉండే గొట్టాలు, ఆ చుట్టూ ఉండే మెత్తటి భాగం మొదట కోసి మందను కాచే కుక్కకు వేస్తారు. కుక్క తినకుండా మనిషి తినకూడదు. సిద్దయ్య చెయ్యి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అట్లా కోసిన చెయ్యి.

"కుక్కకు ఇంగేమన్నా ఎయ్యి. అవి లేకపోతే పాఠమే లేదు."

"చెప్పినావు గదా, అర్థమాయ," అన్నాడు సిద్దయ్య, నవ్వుతూ.

తెల్లారి అతను నవ్వలేదు. రైతు ఇంటి నుంచి నేరుగా బస్సు దగ్గరికి వచ్చాడు. చొక్కా మీద నెత్తురు చుక్కలు ఇంకా ఆరలేదు. గుడ్డలో గట్టిగా ముడేసిన స్టీలు టిఫిను డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. పోయిరా అనలేదు, బాగా చెప్పు అని కూడా అనలేదు. రాత్రంతా నిద్ర లేదేమోననుకుంది నందిని. బస్సు కదిలినాక కిటికీలోంచి చూస్తే, అతను చెయ్యి కూడా ఎత్తకుండా నిలబడి ఉన్నాడు.

పొద్దుటూరులో హాలు అప్పటికే నిండింది. మెట్ల పక్కన విశ్వనాథ్ సారు, సింధూ కాచుకుని ఉన్నారు. సింధూ ఇస్త్రీ పరికిణీ వోణీలో, నుదుట విభూతి రేఖతో, పెదవులు కదుపుతూ పాఠం నెమరేసుకుంటోంది. నందిని వెనక వరండాలో కొళాయి దగ్గర ముడి విప్పి మూత తీసింది.

గొట్టాలు లేవు.

ఒకటీ రెండూ కాదు, ఏవీ లేవు. మహాసిరలు లేవు, పుపుస ధమని లేదు, బృహద్ధమని లేదు. పైనున్న రెండు కర్ణికలూ లేవు. బానకు మెడ దగ్గర కొట్టేసినట్టు, కుక్కకు వేసే వాటా మొత్తం నున్నగా తీసేసి ఉంది. కింద మిగిలింది రెండు జఠరికల కండ మాత్రమే.

"ఓయమ్మా," అంది సింధూ. "సార్!"

సారు వచ్చి చూశాడు. చూసి, వరండాలో ఎంతమంది ఉన్నారో కూడా చూసుకోకుండా అందుకున్నాడు.

"ఏందే ఇది? గొట్టాలు కావాలని చిలక్కి చెప్పినట్టు చెప్తినే! మీ నాయనకు చెప్పినావా లేదా? చెప్పినా ఏం లాభం? కోసుకు తినేది తప్ప మీకు ఇంగేం తెలుసు! గొర్లోళ్లను తెచ్చి పాఠం దగ్గర నిలబెట్టింది నాది బుద్ధి తక్కువ!"

పక్క కాలేజీల పిల్లలు తిరిగి చూశారు. సారును ఏమీ అనలేక, నందిని మనసులోనే నాన్నను తిట్టుకుంది. అంత చెప్పినా! పాడు చెయ్యి, పాడు అలవాటు! కుక్క మీద ఉన్న ధ్యాస కూతురి మీద లేకపోయె!

తిట్టుకుంటూనే కొళాయి తిప్పి గుండెకాయను కింద పట్టింది. లోపల గడ్డకట్టిన నల్ల నెత్తురు వేలితో తీసేసింది. నీళ్లు ఎడమ గదిలో నిండాయి. అప్పుడు లోపలి నుంచి ఏదో పైకి లేచింది. పల్చటి తెల్లటి పొరలు, వాటికి కింద దారాల్లాంటివి. గదిని పిడికిట్లో నొక్కితే ఆ పొరలు రెండూ పైకొచ్చి అంచులు కలుపుకున్నాయి. ఆ దారిలో చుక్క నీరు బయటికి రాలేదు. పక్కనున్న ఇంకో రంధ్రంలోంచి మాత్రం జిల్లున చిమ్మి ఆమె మోచేతిని తడిపింది. నందిని మళ్లీ నింపి, మళ్లీ నొక్కింది. పటంలో అది రెండు గీతల బొమ్మ. కర్ణికలు ఉన్నప్పుడు వాటి మాటున ఎన్నడూ కనబడలేదు.

"ఇంగ కడిగింది చాల్లే," అన్నాడు సారు. "మన పేరు పిలుస్తాండారు. పటం మీదే లాగించేద్దాం. నువ్వు ట్రే పట్టుకోని పక్కన నిలబడు, మాట్లాడొద్దు."

ముందు వరుసలో ట్రస్టు పెద్దలు, వాళ్ల మధ్య డాక్టర్ మసరత్. పొద్దుటూరులో గుండె జబ్బులు చూసే డాక్టరమ్మ. సింధూ బెత్తం పట్టుకుని మొదలుపెట్టింది. ఆమె సగం చెప్పకముందే డాక్టరమ్మ చెయ్యెత్తింది.

"ఆ పటం మా క్లినిక్కులో గూడా ఉందమ్మా. ట్రేలో ఉండే దాంట్లో చూపించు."

"మేడం, దానికి గొట్టాలు లేవు. వాళ్లు కోసేసినారు."

"ఉండేది చూపించు."

సింధూ బెత్తాన్ని ట్రే వైపు చాచి, గుండెకాయకు జానెడు దూరంలో ఆపేసింది. పాఠంలో ఉన్నవన్నీ పైనుంచి మొదలవుతాయి. పైనేమో ఏమీ లేదు. సారు ముందుకొచ్చాడు. "ఏం లేదు మేడం. ఈ పాప చేత్తో పట్టుకోని తెరిచి చూపిస్తాది, మా సింధూ వివరిస్తాది. నందినీ, పట్టుకో."

నందిని ట్రేను బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుంది.

"నేను పట్టుకోను సార్."

"ఏందీ?"

"చెప్పే మనిషే పట్టుకోవాల. లేదంటే పట్టుకున్న మనిషే చెప్పాల."

సీటు పోయింది, రేపటి నుంచి కాలేజీలో బతుకూ పోయింది అని నందినికి అర్థమవుతూనే ఉంది. అయినా చేతులు ముందుకు రాలేదు. సారు పళ్లు కొరికాడు. "బయటికి పో," అన్నాడు గొంతు తగ్గించి.

"ఎందుకు పోవాల? రా పాపా," అంది డాక్టరమ్మ. "నువ్వే పట్టుకో, నువ్వే చెప్పు."

నందిని గుండెకాయను ఎడమ అరచేతిలోకి తీసుకుంది. మొదట్లోనే తప్పు చెప్పింది. తనకు కుడివైపు ఉన్నదాన్ని కుడి జఠరిక అనేసింది. "గుండె ఎవరిదో వాళ్ల కుడి, నీ కుడి కాదు," అని డాక్టరమ్మ సరిచేసింది. సారు నవ్విన చప్పుడు వినిపించింది. ఆ నవ్వే ఆమెకు గొంతు తెచ్చింది.

"ఒళ్లంతా తిరిగి నల్లబడిన నెత్తురు మొదట కుడి పక్కకొస్తాది. ఈ గది గోడ చూడండి, పల్చగా ఉంది. ఎందుకంటే ఇది పక్కనుండే ఊపిరితిత్తుల దాంకా పంపితే చాలు. ఆడ గాలి తగిలి ఎర్రబడిన నెత్తురు ఈ ఎడమ పక్కకొస్తాది. ఈ గోడ దానికి మూడింతలు మందం. ఇది తలకాయ నుంచి కాలి వేలు దాంకా తొయ్యాల గదా."

"జఠరిక అనాల," అన్నాడు వెనక నుంచి సారు.

"ఉండండి సార్," అంది డాక్టరమ్మ, తిరిగి చూడకుండానే.

"పై గదులు తెగిపోయినాయి కాబట్టి తలుపులు కనపడతాండాయి." నందిని బల్ల మీది చెంబుతో ఎడమ గదిలో నీళ్లు పోసింది. ముందు వరుసవాళ్లు కుర్చీల్లోంచి లేచారు. "ఇప్పుడు నొక్కుతా చూడండి." పొరలు రెండూ లేచి మూసుకున్నాయి. పక్క రంధ్రంలోంచి నీళ్లు చిమ్మి బల్లంతా తడిసింది. "వచ్చిన దోవన వెనక్కి పోనీదు. పోయే దోవ ఒక్కటే. ఈ దారాలు కింది నుంచి పట్టుకోని ఉంటాయి, లేదంటే తలుపు అవతలికి తిరగబడిపోతాది."

డాక్టరమ్మ ఇంకోసారి నొక్కమంది. ఆ తర్వాత తనే లేచొచ్చి, చీర కొంగు నడుముకు దోపుకుని, వేలు లోపల పెట్టి చూసింది.

సాయంత్రం సీటు నందిని పేరున చదివారు. విశ్వనాథ్ సారు చప్పట్లు కొట్టాడు. అంతమందిలో కొట్టక చస్తాడా! మెట్లు దిగినాక మాత్రం అసలు మాట బయటికొచ్చింది.

"కావాలనే కోయించినావు గదా? సింధూ నోరు మూయించేదానికి గొట్టాలు తీయించినావు. మంచి ఎత్తే!"

"దేవుని సాక్షిగా లేదు సార్. మా నాయన చేతి అలవాటు."

సింధూ అప్పటిదాకా ఏడ్చి ఏడ్చి ఉంది. "నువ్వేం చెప్పినా నేను నమ్మను," అంది. "ఇంగ నాతో మాట్లాడొద్దు." ఇద్దరూ జమ్మలమడుగు బస్సు వైపు పోయారు. నందిని పులివెందుల బస్సెక్కింది. దారి పొడుగునా ఆ పిల్ల ఏడుపు గుర్తొచ్చి పాపమనిపించింది. వెంటనే, నిన్నటిదాకా నాకెవరు పాపమన్నారులే అని కూడా అనిపించింది.

చేలో దిగేసరికి ఇంకా వెలుతురుంది. సిద్దయ్య వల బిగిస్తున్నాడు. ఆమెను చూసి కూడా పని ఆపలేదు.

"నాయనా, అంత చెప్పినా ఆ గొట్టాలు ఎట్ల కోసినావు? నీ చేతికి అలవాటు పోదా?"

"అలవాటు ఏంది?" సిద్దయ్య వల గూటాన్ని రాతితో దిగ్గొట్టాడు. "నువ్వు చెప్పినాక నా చెయ్యి దారి తప్పుతాదా? తెలిసే కోసినా."

"తెలిసేనా?" అంది నందిని.

"తెల్లారి మీ సారు ఫోన్ చేసినాడు. సిద్దయ్యా, గుండెకాయ పెద్దది చూసి పంపు, మీ పాప కోస్తాది, మా సింధూ చెప్తాది అన్యాడు. కోసే పనికి పొద్దుటూరు దాంకా పోవల్లనా? ఈడ లేదా ఆ పని? ఆయప్ప పాఠం యాడ తెగుతాదో ఆడ తెగ్గోసినా."

"నా సీటు పోయింటే?"

"కోసేదానికి సీటు ఇస్తారా యాడన్నా?" సిద్దయ్య రాయి పక్కన పారేశాడు. "కోసేది మన పనే. దానికి నాకు కోపం లేదు. నా బిడ్డ నాతో అబద్ధం చెప్పేంత సిగ్గు పెట్టినారు గదే నీకు, దానికి నా కడుపు మండింది. ఆ రైతు కాడ, వీని కాడ గొప్పగా చెప్పుకుంటి."

నందినికి ఏడుపు, కోపం రెండూ కలిసి తన్నుకొచ్చాయి. "నేనే చెప్పినా నాయనా. నిజ్జంగా. సీటు నాకే ఇచ్చినారు."

"మళ్లా మొదులుపెట్టినావా," అన్నాడు సిద్దయ్య, అలిసిపోయినట్టు.

"ఒట్టు!"

"నిన్న గూడా ఇట్లనే చెప్తివి."

అతను వల తాడు అందుకుని ఇంకో గూటం దగ్గరికి నడిచాడు. పట్టలోంచి రామేశ్వరమ్మ తొంగి చూసింది. నందిని వెంటపడి నాన్నకు ఎదురుగా పోయి నిలబడింది. అతని మొహంలోకి చూస్తూ, కొట్లాటకు దిగినట్టుగా మొదలుపెట్టింది.

"ఒళ్లంతా తిరిగి నల్లబడిన నెత్తురు మొదట కుడి పక్కకొస్తాది. ఆ గది గోడ పల్చగా ఉంటాది..."

సిద్దయ్య తాడు ముడి వేస్తూనే ఉన్నాడు. నెత్తురు ఊపిరితిత్తులకు పోయి, ఎర్రబడి, ఎడమ పక్కకు వచ్చింది. అక్కడ అతని చేతులు నెమ్మదించాయి.

"వచ్చిన దోవన వెనక్కి పోదా?"

"పోదు. తలుపులుంటాయి. నేను నొక్కి చూపించినా. డాక్టరమ్మ వచ్చి వేలు పెట్టి చూసినాది."

"ఇదంతా నువ్వే చెప్పినావా, వాళ్ల ముందర?"

"నేనే."

"ఆ పిల్ల?"

"నిలబడి విన్యాది."

"సారు?"

"ఆయప్ప గూడా."

సిద్దయ్య తాడు వదిలేసి గట్టు మీద కూర్చున్నాడు. మట్టి అంటిన చేతులు పంచెకు తుడుచుకుని, పక్కన చోటు చూపించాడు.

"కుడి పక్క నుంచి చెప్పు," అన్నాడు. "మీ అమ్మను గూడా రానీ."